ప్రెషర్ వెసెల్ స్ట్రెస్ విశ్లేషణకు ఎలిమెంట్ రకాన్ని ఎంచుకోవడం ఎలా

పీడనాన్ని మోసే పాత్ర అయిన ప్రెషర్ వెసెల్ గోడలో స్ట్రెస్‌ను (పదార్థంలో వైశాల్యం మీద పడే అంతర్గత బలాన్ని) లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్, మోడల్‌ను ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొడుతుంది; ఆ ముక్కల అల్లిక మెష్, వాటిని కలిపే బిందువులు నోడ్‌లు. డ్రాయింగ్ విభాగం పంపిన త్రీడీ మోడల్‌ను ఈ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, ఆటోమేటిక్ మెష్ బటన్ నొక్కి, వచ్చిన రంగుల బొమ్మను రిపోర్టులో పెట్టడం ఇప్పుడు చాలా డిజైన్ ఆఫీసుల్లో అలవాటైపోయింది. ఈ పద్ధతిలో ఎలిమెంట్‌ను ఎంచుకునేది సాఫ్ట్‌వేరే, సాధారణంగా అది పది నోడ్‌ల టెట్రాహెడ్రన్ (నాలుగు ముఖాల ముక్క). దానితో లెక్క తప్పుతుందని కాదు గాని, ఆ లెక్క డిజైన్ నియమావళి, అంటే కోడ్, అడిగే ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పదు. ఏ స్ట్రెస్‌ను ఏ పరిమితితో పోల్చబోతున్నామో ముందే తేల్చుకుంటే, ఎలిమెంట్ ఎంపికలో సగానికి పైగా దానంతట అదే తేలిపోతుంది.

ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) బాయిలర్ అండ్ ప్రెషర్ వెసెల్ కోడ్ సెక్షన్ 8, డివిజన్ 2లోని 5వ భాగం ఎలాస్టిక్ విశ్లేషణ ఫలితాన్ని విడదీసి చూడమంటుంది. గోడ మందమంతటికీ సగటుగా వచ్చేది మెంబ్రేన్ స్ట్రెస్. లోపలి ఉపరితలం నుంచి బయటి ఉపరితలం వరకు సరళరేఖలో మారే భాగం బెండింగ్ స్ట్రెస్. ఈ రెండూ పోగా మిగిలేది పీక్ స్ట్రెస్. అతుకులకు దూరంగా ఉండే సాధారణ మెంబ్రేన్ స్ట్రెస్ అనుమతించిన విలువ ఎస్‌ను మించకూడదు. నాజిల్ (గోడకు అతికిన పైపు ముక్క), డిష్ ఎండ్ (వెసెల్ చివరి వంపు మూత) వంటి అతుకుల దగ్గర లోకల్ మెంబ్రేన్ స్ట్రెస్‌కు సాధారణంగా 1.5 ఎస్ వరకు, ప్రైమరీ (లోడును మోసే), సెకండరీ (పక్క భాగాలు ఒకదాన్నొకటి పట్టి ఉంచడం వల్ల పుట్టే) స్ట్రెస్‌లు రెండూ కలిసిన శ్రేణికి సుమారు 3 ఎస్ వరకు వెసులుబాటు ఉంటుంది. పీక్ స్ట్రెస్ ఫెటీగ్ (లోడు పదేపదే మారడం వల్ల పగుళ్లు రావడం) లెక్కలోకి మాత్రమే వస్తుంది. 2007 ఎడిషన్ నుంచి ఈ పోలికలన్నీ వాన్ మిసెస్ స్ట్రెస్‌తో, అంటే వేర్వేరు దిశల స్ట్రెస్ భాగాలను కలిపి కట్టిన ఒకే అంకెతో, చేస్తున్నారు.

గోడను పలుచని ఉపరితలంగా చూసే షెల్ ఎలిమెంట్ సిద్ధాంతం మెంబ్రేన్, బెండింగ్ అనే ఈ రెండు భాగాల మీదే నిలబడి ఉంది కాబట్టి, అది కోడ్ అడిగినదాన్నే నేరుగా ఇస్తుంది. గోడ మందాన్ని కూడా ముక్కలు చేసే సాలిడ్ ఎలిమెంట్ మొత్తం స్ట్రెస్‌ను ఒకే ముద్దగా ఇస్తుంది, దాన్ని మళ్లీ మనమే లీనియరైజేషన్ చేసి, అంటే మందం మీదుగా సగటును, సరళరేఖ భాగాన్ని లెక్కగట్టి, విడగొట్టుకోవాలి. సాలిడ్ మోడల్ అసలు వెసెల్‌కు దగ్గరగా ఉంటుంది, షెల్ మోడల్ ఉజ్జాయింపు అన్న మాట ఎంత తరచుగా వినిపించినా, పలుచని గోడల వెసెల్ విషయంలో అది సగమే నిజం.

ఈ వ్యాసంలో ఉదాహరణగా ఒకే వెసెల్‌ను తీసుకుందాం. లోపలి వ్యాసం 2000 మి.మీ., గోడ మందం 20 మి.మీ., రెండు చివరలా 2:1 ఎలిప్సాయిడల్ డిష్ ఎండ్‌లు, డిజైన్ పీడనం 1.5 మెగాపాస్కల్, షెల్ (వెసెల్ సిలిండర్ భాగం) మధ్యలో 508 మి.మీ. బయటి వ్యాసం, 15 మి.మీ. మందం గల ఒక మ్యాన్‌హోల్ నాజిల్. సిలిండర్ భాగంలో చుట్టుకొలత దిశలోని స్ట్రెస్, అంటే హూప్ స్ట్రెస్, పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి మందంతో భాగిస్తే వస్తుంది, అంటే 75 మెగాపాస్కల్. ఏ ఎలిమెంట్ వాడినా అతుకులకు దూరంగా ఇంచుమించు ఈ అంకె రావాలి. రాకపోతే ఇక మిగతా ఫలితాలేవీ చూడనక్కరలేదు.

యాక్సీసిమ్మెట్రిక్ ఎలిమెంట్లు

ఆకారం, బిగింపు, లోడు మూడూ ఒకే అక్షం చుట్టూ సమానంగా ఉంటే యాక్సీసిమ్మెట్రిక్ ఎలిమెంట్‌ను మించినది లేదు. విశ్లేషణ సాఫ్ట్‌వేర్లలో, అన్సిస్‌లో ప్లేన్ 183ను యాక్సీసిమ్మెట్రిక్ ఆప్షన్‌తోనూ, అబాకస్‌లో సీఏఎక్స్8ఆర్‌నూ వాడుకోవచ్చు. వెసెల్ అడ్డుకోతలో ఒక పక్కను మాత్రమే గీస్తే సరిపోతుంది. మందంలో ఎనిమిది ఎలిమెంట్లు పెట్టినా క్షణాల్లో లెక్క ముగుస్తుంది. అన్సిస్‌లో భ్రమణ అక్షం వై, మోడల్ ఎక్స్ ధన వైపునే ఉండాలి. నోడ్ మీద బలం ఇచ్చేటప్పుడు ఆ అంకె పూర్తి 360 డిగ్రీల చుట్టుకొలత మీది మొత్తం బలమన్నది మరచిపోకూడదు.

డిష్ ఎండ్, షెల్ కలిసే చోటు ఈ ఎలిమెంట్‌కు సరిగ్గా సరిపోయే సమస్య. మన వెసెల్‌లో షెల్‌ను, డిష్ ఎండ్‌ను విడదీసి పీడనం ఇచ్చామని ఊహించండి. మెంబ్రేన్ సిద్ధాంతం ప్రకారం, ఉక్కు యంగ్స్ మాడ్యులస్‌ను 200 గిగాపాస్కల్స్‌గా తీసుకుంటే, షెల్ అంచు సుమారు 0.32 మి.మీ. బయటికి జరుగుతుంది. 2:1 డిష్ ఎండ్ అంచులో హూప్ స్ట్రెస్ కంప్రెషన్‌లో (నొక్కుడులో) ఉంటుంది, అందుకే ఆ అంచు సుమారు 0.43 మి.మీ. లోపలికి జరుగుతుంది. ఈ 0.75 మి.మీ. తేడాను వెల్డు బలవంతంగా కలిపి పట్టుకోవాలి కాబట్టి అక్కడ బెండింగ్ పుడుతుంది. అతుకు నుంచి దూరం వెళ్లే కొద్దీ ఆ బెండింగ్ తగ్గుతూ పోతుంది, ఎంత త్వరగా తగ్గేదీ షెల్ వ్యాసార్ధం, మందాల లబ్ధానికి వర్గమూలమైన ఒక పొడవు నిర్ణయిస్తుంది. మన షెల్‌కు ఆ పొడవు సుమారు 142 మి.మీ. దానికి రెండున్నర రెట్లు, అంటే 355 మి.మీ. దూరం వెళ్లేసరికి దాని ప్రభావం నామమాత్రం అవుతుంది. మోడల్‌లో సిలిండర్‌ను ఎంత పొడవు తీసుకోవాలో, మెష్‌ను ఎక్కడిదాకా చిక్కగా ఉంచాలో ఈ పొడవే నిర్ణయిస్తుంది. ఏ ఎలిమెంట్ వాడినా ముందు దీన్ని లెక్కగట్టి కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.

యాక్సీసిమ్మెట్రిక్ మోడల్ సులువుగా ఉంటుందని పక్క నాజిల్‌కూ దాన్ని వాడాలన్న ఆశ పుడుతుంది. కంప్యూటర్లు చిన్నవిగా ఉన్న రోజుల్లో సిలిండర్‌ను రెట్టింపు వ్యాసార్ధం గల గోళంగా మార్చి, నాజిల్‌ను దాని శిఖరం మీద పెట్టి లెక్కించేవారు. రెట్టింపు వ్యాసార్ధం గల గోళంలో మెంబ్రేన్ స్ట్రెస్ సిలిండర్ హూప్ స్ట్రెస్‌కు సమానం కాబట్టి ఇది పైకి సబబుగానే కనిపిస్తుంది. గోళంలో రెండు దిశల్లోనూ స్ట్రెస్ సమానం, అందుకని చిన్న రంధ్రం అంచున స్ట్రెస్ 2 రెట్లు అవుతుంది. సిలిండర్‌లో హూప్ స్ట్రెస్ పొడవు దిశ స్ట్రెస్‌కు రెట్టింపు ఉంటుంది, అక్కడ అదే రంధ్రం అంచున 2.5 రెట్లు అవుతుంది. గోళం మోడల్ ఆ తేడాను దాచేస్తుంది, అదీ ప్రమాదకరమైన దిశలో. డిష్ ఎండ్ నడినెత్తిన ఉన్న నాజిల్‌కు యాక్సీసిమ్మెట్రిక్ మోడల్ నిస్సంకోచంగా వాడవచ్చు. షెల్ మీది నాజిల్‌కు ఇప్పుడు దాన్ని వాడవలసిన అవసరం లేదు.

షెల్ ఎలిమెంట్లు

వ్యాసార్ధం మందానికి పది రెట్లకు మించి ఉంటే షెల్ ఎలిమెంట్‌తోనే మొదలుపెట్టమని నా సలహా. మన వెసెల్‌లో ఆ నిష్పత్తి 50. అన్సిస్‌లో షెల్ 181, షెల్ 281, అబాకస్‌లో ఎస్4ఆర్, ఎస్8ఆర్ ఎక్కువగా వాడుకలో ఉన్నవి. నాలుగు నోడ్‌ల ఎలిమెంట్ వంపు తిరిగిన గోడను చదునైన ముక్కలుగా చూస్తుంది, అందుకని చుట్టుకొలత వెంట ఎక్కువ ముక్కలు కావాలి. ఎనిమిది నోడ్‌లదైతే తక్కువ ముక్కలతో వంపును పట్టుకుంటుంది. త్రికోణ షెల్ ఎలిమెంట్లను నాజిల్ మొదట్లోకి రానివ్వకండి, తప్పనప్పుడు వాటిని దూరంగా షెల్ మధ్యలోకి నెట్టండి.

ఎలిమెంట్ పరిమాణానికి పైన చెప్పిన 142 మి.మీ. పొడవే కొలబద్ద. అతుకు దగ్గర దానిలో ఆరో వంతు, అంటే 24 మి.మీ. పరిమాణం మంచి ఆరంభం. చాలామంది ఇక్కడ ఆగి, నాజిల్‌కూ అదే పరిమాణం పెడతారు. నాజిల్ సగటు వ్యాసార్ధం 246.5 మి.మీ., మందం 15 మి.మీ. కాబట్టి దాని స్వంత పొడవు సుమారు 61 మి.మీ. మాత్రమే, దానిలో ఆరో వంతు 10 మి.మీ. షెల్‌కు సరిపడే మెష్‌తో నాజిల్ గోడలోని బెండింగ్ సరిగా దొరకదు. అలాగని షెల్ గోడ మీద 5 మి.మీ. ఎలిమెంట్లు పరచడం వల్ల కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఎలిమెంట్ గోడ మందం కంటే చాలా చిన్నదైపోతే షెల్ సిద్ధాంతానికి చెప్పడానికి మరేమీ మిగలదు.

షెల్ మోడల్‌లో గోడకు మందం లేదు, మధ్యతలం మాత్రమే ఉంటుంది. దీనివల్ల వచ్చే మూడు చిక్కులను ముందే ఆలోచించుకోవాలి.

మొదటిది పీడనం పడే వ్యాసార్ధం. పీడనం నిజంగా లోపలి ఉపరితలం మీద పనిచేస్తుంది, మోడల్‌లో మధ్యతలం మీద పడుతుంది. మన వెసెల్‌లో హూప్ స్ట్రెస్ 75 బదులు 75.75 వస్తుంది, ఒక శాతం ఎక్కువ, పట్టించుకోనక్కరలేదు. లోపలి వ్యాసార్ధం 200, మందం 50 మి.మీ. ఉన్న అధిక పీడన వెసెల్‌లో అదే తేడా హూప్ దిశలో 12.5 శాతం, పొడవు దిశలో 26 శాతానికి పైగా అవుతుంది. పైగా ఆ మందపు గోడలో హూప్ స్ట్రెస్ లోపల పీడనానికి 4.56 రెట్లు, బయట 3.56 రెట్లు. షెల్ ఎలిమెంట్ దాన్ని అంతటా 4.5 రెట్లుగా చూపిస్తుంది. అలాంటి వెసెల్‌కు షెల్ ఎలిమెంట్ పనికిరాదు. వ్యాసార్ధం మందానికి నాలుగు రెట్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే, ఎలాస్టిక్ స్ట్రెస్‌ను రకాలుగా విడదీసే పద్ధతే భద్రత లేని ఫలితం ఇవ్వవచ్చునని డివిజన్ 2 హెచ్చరిస్తుంది. అక్కడ సాలిడ్ ఎలిమెంట్లతో ఎలాస్టిక్-ప్లాస్టిక్ విశ్లేషణకు వెళ్లడమే మేలు.

రెండోది నాజిల్ కలిసే గీత. రెండు మధ్యతలాలు గోడ లోపల ఎక్కడో కలుస్తాయి. అక్కడి నోడ్‌లో కనిపించే స్ట్రెస్ నిజమైన వెల్డు అంచున ఉండేది కాదు. షెల్ వైపు నాజిల్ మందంలో సగం, దానికి వెల్డు కాలు కలిపినంత దూరంలో స్ట్రెస్ చదవాలి. నాజిల్ వైపు కూడా అదే పద్ధతిలో, షెల్ మందంలో సగంతో లెక్క వేసుకోవాలి. ఎలిమెంట్ అంచులు సరిగ్గా ఆ దూరంలో పడేలా ముందే మెష్ గీతలు గీసుకుంటే చదవడం తేలిక. కలిసే నోడ్‌లోనే చదివినా ఫలితం పరిమితుల్లో ఉంటే, ఇక ఈ శ్రమ అవసరం లేదు.

మూడోది ప్యాడ్, అంటే నాజిల్ చుట్టూ షెల్‌కు వెల్డు చేసే బలపరిచే పలక. షెల్ మందం 20, ప్యాడ్ మందం 20 అయితే ఆ ప్రాంతానికి 40 మి.మీ. మందం ఇచ్చేయడం అందరూ చేసే పని. ప్యాడ్ నిజానికి లోపలి, బయటి అంచుల వెల్డుల దగ్గర మాత్రమే షెల్‌కు అతుక్కుని ఉంటుంది, మధ్యలో కేవలం ఆనుకుని ఉంటుంది. రెండు 20 మి.మీ. పలకలు విడివిడిగా వంగినప్పటి బెండింగ్ దృఢత్వం కంటే ఒకే 40 మి.మీ. పలక దృఢత్వం నాలుగు రెట్లు ఎక్కువ. పీడనం ఒక్కటే ఉన్నప్పుడు ఈ తేడా అంతగా బాధించకపోవచ్చు. పైపింగ్ నుంచి మొమెంట్లు (వంచే బలాలు) వచ్చినప్పుడు ప్యాడ్ అంచు దగ్గరి స్ట్రెస్ మారిపోతుంది. రెండు షెల్ పొరలను ఆఫ్‌సెట్‌తో పెట్టి, అంచుల దగ్గర మాత్రమే కలిపి, మధ్యలో కాంటాక్ట్ ఇవ్వడం సరైన పద్ధతి. ఆ కష్టం ఎందుకనుకుంటే ఆ ప్రాంతం వరకు సాలిడ్‌కు మారవచ్చు.

పైపింగ్ లోడ్‌లకు 1965 నాటి డబ్ల్యూఆర్‌సీ 107, 1984 నాటి డబ్ల్యూఆర్‌సీ 297 బులెటిన్ల (వెల్డింగ్ పరిశోధన మండలి ప్రచురణల) చేతిలెక్క పద్ధతులు వాటి కొలతల పరిధిలోకి వచ్చే నాజిళ్లకు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. కొలతలు ఆ పరిధి దాటినప్పుడు, రెండు నాజిళ్లు దగ్గరగా ఉన్నప్పుడు, నాజిల్ ఏటవాలుగా ఉన్నప్పుడు షెల్ మోడల్ తప్పనిసరి అవుతుంది. అడ్డంగా పడుకుని ఉండే వెసెల్‌ను మోసే శాడిల్ (దిమ్మె) పైకొన దగ్గరి స్ట్రెస్‌కు కూడా 1951 నాటి జిక్ పద్ధతి తర్వాతి మెట్టు షెల్ మోడలే.

సాలిడ్ ఎలిమెంట్లు

గోడ మందంగా ఉన్నప్పుడు, ఫోర్జింగ్ నాజిల్‌లో మందం కోణీయంగా మారుతూ ఉన్నప్పుడు, ఫెటీగ్ కోసం వెల్డు టో (వెల్డు గోడను కలిసే అంచు) దగ్గరి వివరం కావలసినప్పుడు, మందం మీదుగా ఉష్ణోగ్రత తీవ్రంగా మారుతున్నప్పుడు సాలిడ్ ఎలిమెంట్లు వాడాలి. వాటిలోనూ అన్నీ సమానం కావు.

నాలుగు నోడ్‌ల టెట్రాహెడ్రన్‌లో వికృతి (సాగుదల లేదా నొక్కుదల నిష్పత్తి) ఎలిమెంట్ అంతటా ఒకటే. బెండింగ్‌లో అది అతిగా బిగుసుకుపోయి స్ట్రెస్‌ను తక్కువ చేసి చూపిస్తుంది, ప్రెషర్ వెసెల్ లెక్కలో దానికి చోటు లేదు. ఎలిమెంట్ లోపల ఎన్ని బిందువుల దగ్గర లెక్క కట్టాలన్నది ఇంటిగ్రేషన్ రకం చెబుతుంది. ఎనిమిది నోడ్‌ల బ్రిక్‌ను (ఇటుక ఆకారపు ఎలిమెంట్‌ను) పూర్తి ఇంటిగ్రేషన్‌తో వాడితే షియర్ లాకింగ్ వచ్చి బెండింగ్‌లో బిగుసుకుపోతుంది, ఒకే పాయింట్ ఇంటిగ్రేషన్‌తో వాడితే అవర్‌గ్లాస్ రూపంలో శక్తి ఖర్చు లేని తప్పుడు వికృతులు పుడతాయి. అబాకస్‌లో సీ3డీ8ఐ వంటి ఇన్‌కంపాటిబుల్ మోడ్ ఎలిమెంట్ ఈ రెంటి మధ్య మంచి దారి, ఎలిమెంట్లు వంకరపోకుండా ఉన్నంతవరకు. నాకు నచ్చేది ఇరవై నోడ్‌ల బ్రిక్, రెడ్యూస్డ్ ఇంటిగ్రేషన్‌తో (తక్కువ బిందువులతో). అన్సిస్‌లో సాలిడ్ 186, అబాకస్‌లో సీ3డీ20ఆర్ ఆ జాతివి. మందంలో ఇవి మూడు ఉంటే బెండింగ్ చక్కగా దొరుకుతుంది. ఎనిమిది నోడ్‌లవైతే కనీసం ఐదు కావాలి.

పది నోడ్‌ల టెట్రాహెడ్రన్ చెడ్డదేమీ కాదు. మందంలో మూడు వరుసలు పడేంత చిక్కగా ఉంటే దాని ఫలితం నమ్మదగినదే. ఇబ్బంది లీనియరైజేషన్ దగ్గర వస్తుంది. లోపలి ఉపరితలం నుంచి బయటి ఉపరితలానికి నిలువుగా గీసిన గీత బ్రిక్ మెష్‌లో ఎలిమెంట్ అంచుల వెంటే పోతుంది. టెట్రా మెష్‌లో అది ఎలిమెంట్లను అడ్డదిడ్డంగా కోసుకుంటూ పోతుంది, సాఫ్ట్‌వేర్ మధ్య విలువలను ఊహించి నింపవలసి వస్తుంది. అందుచేత స్ట్రెస్ చదవబోయే గీతలను మెష్ వేయడానికి ముందే నిర్ణయించి, ఆ గీతల వెంట ఆకారాన్ని కోసి, అక్కడ మాత్రమైనా బ్రిక్‌లు వచ్చేలా చూసుకోవాలి.

లీనియరైజేషన్ ఆరు స్ట్రెస్ భాగాలకు విడివిడిగా చేసి, ఆ తర్వాతే వాన్ మిసెస్ విలువ కట్టాలి. వాన్ మిసెస్ స్ట్రెస్‌ను నేరుగా లీనియరైజ్ చేస్తే గుర్తులు పోతాయి. ఒక వైపు లాగుడు, మరో వైపు నొక్కుడు ఉన్న శుద్ధ బెండింగ్ మెంబ్రేన్ స్ట్రెస్‌లా కనిపిస్తుంది.

ఫిల్లెట్ లేని పదునైన లోపలి మూల దగ్గర మెష్‌ను చిక్కబరిచే కొద్దీ స్ట్రెస్ అంతులేకుండా పెరుగుతుంది. రిపోర్టులోని ఎర్ర చుక్క చాలాసార్లు ఇదే. దానికి భౌతిక అర్థం లేదు. అదే మూల గుండా గీసిన గీత మీద మెంబ్రేన్, బెండింగ్ విలువలు మాత్రం దాదాపు స్థిరంగా ఉంటాయి. పీక్ స్ట్రెస్ నిజంగా కావాలంటే మూలకు అసలు వ్యాసార్ధం ఇచ్చి మోడల్ చేయాలి, లేదంటే వెల్డు ఫెటీగ్‌కు స్ట్రక్చరల్ స్ట్రెస్ పద్ధతిని వాడాలి. ఆ పద్ధతి మళ్లీ మెంబ్రేన్, బెండింగ్ మొత్తాన్నే అడుగుతుంది కాబట్టి షెల్ మోడల్ దానికి కూడా పనికొస్తుంది.

నాజిల్‌ను కొంత పొడవు దగ్గర కోసి ఆపినప్పుడు, కోసిన ముఖం మీద పీడనపు తోపుడు ఇవ్వడం షెల్‌లోనైనా సాలిడ్‌లోనైనా తప్పనిసరి. మన మ్యాన్‌హోల్‌కు ఆ బలం సుమారు 269 కిలోన్యూటన్లు, అంటే 27 టన్నులకు పైగా. నాజిల్ గోడలో అది 11.6 మెగాపాస్కల్స్ లాగుడు స్ట్రెస్ ఇస్తుంది. అంకె చిన్నదిగా అనిపించినా, నాజిల్ చుట్టూ షెల్ గోడ వంగే తీరును ఈ బలమే చాలావరకు నిర్ణయిస్తుంది.

పెద్ద వెసెల్‌లో చిన్న వివరం కావలసినప్పుడు రెండు రకాలనూ కలపవచ్చు. మొత్తం వెసెల్‌ను షెల్‌తో చేసి, కావలసిన ముక్కను ఆ ఫలితాలను సరిహద్దు మీద ఇచ్చి సాలిడ్ సబ్‌మోడల్‌గా విడిగా చేయడం నాకు సులువనిపిస్తుంది. ఒకే మోడల్‌లో షెల్‌ను సాలిడ్‌కు అతికితే, షెల్ నోడ్‌కు భ్రమణం ఉంటుంది, సాలిడ్ నోడ్‌కు ఉండదు. రెంటినీ సరైన కప్లింగ్‌తో కలపకపోతే ఆ అతుకు తలుపు బందులా తిరుగుతుంది. ఏ పద్ధతిలోనైనా సరిహద్దు, ముందు చెప్పిన పొడవుకు రెండున్నర రెట్లు దూరంలో ఉండాలి. హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాలు దిగే రంధ్రాల పలక, అంటే ట్యూబ్ షీట్, విషయం వేరు. వందల రంధ్రాలను మోడల్ చేయకుండా, తగ్గించిన సాగుదల గుణకాలతో సమానమైన నిండు పలకగా చేయడానికి డివిజన్ 2 అనుబంధం 5-ఇ దారి చూపుతుంది.

ప్లాస్టిక్ విశ్లేషణ, బక్లింగ్

లిమిట్ లోడ్ లేదా ఎలాస్టిక్-ప్లాస్టిక్ విశ్లేషణ (ఉక్కు శాశ్వతంగా సాగడాన్ని కూడా లెక్కలోకి తీసుకునేది) చేసేటప్పుడు లీనియరైజేషన్ బాధ ఉండదు, ఎలిమెంట్ ఎంపికలో మరో జాగ్రత్త వస్తుంది. ఉక్కు ప్లాస్టిక్‌గా ప్రవహించేటప్పుడు ఘనపరిమాణం మారదు. పూర్తి ఇంటిగ్రేషన్‌తో ఉన్న ఇరవై నోడ్‌ల బ్రిక్ ఆ షరతును మోయలేక బిగుసుకుపోయి, వెసెల్ భరించగల పీడనాన్ని ఎక్కువ చేసి చూపవచ్చు. రెడ్యూస్డ్ ఇంటిగ్రేషన్ ఇక్కడ వేగం కోసం కాదు, సరైన జవాబు కోసం. షెల్ ఎలిమెంట్ వాడితే మందంలో ఇంటిగ్రేషన్ పాయింట్లను ఐదుకు తగ్గనీయకుండా, వీలైతే ఏడు లేదా తొమ్మిదికి పెంచాలి.

బయటి పీడనం లేదా వాక్యూమ్ ఉంటే బక్లింగ్ (గోడ హఠాత్తుగా నలిగిపోవడం) కోసం షెల్ ఎలిమెంట్లతో పూర్తి 360 డిగ్రీల మోడల్ చేయండి. సిలిండర్ చుట్టుకొలత వెంట మడతలు పడి నలుగుతుంది. యాక్సీసిమ్మెట్రిక్ మోడల్‌కు ఆ మడతలు కనిపించవు. పావు మోడల్‌కు బేసి సంఖ్యలో పడే మడతలు కనిపించవు, అతి తక్కువ పీడనానికి నలిగే రూపం అదే అయినా సరే. లోపాలు లేని ఆకారానికి నలిగే పీడనాన్ని చెప్పే ఐగెన్‌వాల్యూ ఫలితాన్ని నేరుగా నమ్మకూడదు. డివిజన్ 2లోని మొదటి రకం పద్ధతిలో బయటి పీడనం కింద ఉన్న సిలిండర్‌కు 2.5, డిష్ ఎండ్‌కు 16కు పైగా భద్రతా గుణకం ఉండాలి. ఇంత తేడా ఎందుకంటే, ఆకారంలో చిన్న లోపం ఉన్నా డిష్ ఎండ్ సిద్ధాంతం చెప్పినదానికంటే ఎంతో ముందే లోపలికి సొట్టపోతుంది.

సరిచూసుకోవడం

మోడల్ పూర్తయ్యాక ముందు ప్రతిచర్యల మొత్తాన్ని చేతిలెక్కతో పోల్చండి. వెసెల్‌ను మధ్యలో కోసి సౌష్ఠవ తలం పెట్టి ఉంటే, ఆ తలం మీద పొడవు దిశలో పీడనపు బలం సుమారు 4.71 మెగాన్యూటన్లు రావాలి. షెల్ మోడల్‌లో మధ్యతలం వల్ల అది రెండు శాతం ఎక్కువ రావడం సహజం. అతుకులకు దూరంగా హూప్ స్ట్రెస్ 75, పొడవు దిశ స్ట్రెస్ దానిలో సగం ఉందో లేదో చూడండి. ఆ తర్వాత అతుకు దగ్గర మెష్ పరిమాణాన్ని సగం చేసి మళ్లీ నడపండి. మెంబ్రేన్, మెంబ్రేన్ ప్లస్ బెండింగ్ విలువలు ఐదు శాతానికి మించి మారితే మరోసారి చిక్కబరచాలి. ఈ పోలికకు గరిష్ఠ స్ట్రెస్‌ను ఎప్పుడూ వాడకండి. రిపోర్టులో ఎలిమెంట్ పేరుతో పాటు దాని నోడ్‌ల సంఖ్య, ఇంటిగ్రేషన్ రకం, మందంలో ఎలిమెంట్ల సంఖ్య, అతుకు దగ్గర పరిమాణం, స్ట్రెస్ చదివిన గీతల స్థానాలు బొమ్మతో సహా ఇవ్వాలి. తనిఖీ చేసే ఇంజినీరు ముందుగా అడిగేవి ఇవే.